చెప్పులో రాయి: పిలవకుండా వచ్చే ఆలోచనల చరిత్ర

ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఈ రోజు మాట్లాడుకునేది పక్కన ఎవరైనా ఉంటే వినడానికి కాస్త ఇబ్బందిగా ఉండే విషయం. నేను కూడా దీని గురించి చాలాకాలం నోరు విప్పలేదు. ముందు నా సంగతి చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

అప్పుడు నేను డిగ్రీ ఫైనలియర్. అక్క కాన్పుకి పుట్టింటికొచ్చింది. పాపకి ఇంకా నెల నిండలేదు. ఒక సాయంత్రం అమ్మ పాపని నా చేతుల్లో పెట్టి, "నీళ్లు కాగాయేమో చూసొస్తా, జాగ్రత్తరా" అని లోపలికెళ్లింది. మాది రెండో అంతస్తు. నేను బాల్కనీలో నిలబడి ఉన్నా. ఉన్నట్టుండి బుర్రలో ఒక మాట: ఇప్పుడు చేతులు వదిలేస్తే?

అంతే. ఒళ్లంతా చెమట పట్టింది. గబగబా లోపలికొచ్చి పాపని మంచం మీద పడుకోబెట్టేశాను. ఆ రోజు నుంచి రెండు నెలలు పాపని ముట్టుకోలేదు. అక్క ఇస్తుంటే చేతులు కడుక్కోలేదనో, జలుబు చేసిందనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. "వీడికి నా కూతురంటే ఇష్టం లేదు" అని అక్క అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుందట. నిజానికి ఆ ఇంట్లో ఆ పిల్ల కోసం రాత్రిళ్లు నిద్ర మానేసింది నేనే. బాల్కనీ తలుపు గడియ పెట్టి ఉందో లేదో లేచి లేచి చూసుకునేవాణ్ణి. నాలో ఒక హంతకుడు ఉన్నాడేమో అని భయం.

ఇలాంటి వాటిని ఇన్‌ట్రూసివ్ థాట్స్ అంటారు. మనం పిలవకుండా, మనకి ఇష్టం లేకుండా, మన విలువలకి సరిగ్గా వ్యతిరేకంగా వచ్చి కూర్చునే ఆలోచనలు. గుడిలో దణ్ణం పెట్టుకుంటుంటే దేవుణ్ణి తిట్టాలనిపించడం, రైలు వస్తుంటే ప్లాట్‌ఫామ్ మీంచి దూకితే ఎలా ఉంటుంది అనిపించడం, కూరగాయలు తరిగే కత్తి చూస్తే ఎవరినైనా పొడిచేస్తానేమో అనిపించడం. ఇవన్నీ ఆ కోవలోవే. ఇప్పుడు ఫోన్ తెరిస్తే వీటికి వంద పరిష్కారాలు. ఒకరు హిప్నోథెరపీ అంటారు, ఒకరు లైఫ్ కోచింగ్ అంటారు, ఇంకొకరు సబ్‌కాన్షస్ రీప్రోగ్రామింగ్ అంటారు. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? వీటిలో ఏది పనిచేసింది, ఏది చేయలేదు? అదే ఈ ఎపిసోడ్.

జైల్లో రాసిన పుస్తకం

ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో అనే ఊళ్లో 1628లో జాన్ బన్యన్ పుట్టాడు. గిన్నెలకి మాట్లు వేసే కుటుంబం. పెద్దయ్యాక చర్చి అనుమతి లేకుండా ప్రసంగాలు చేస్తున్నాడని 1660లో జైల్లో పెట్టారు. పన్నెండేళ్లు అందులోనే ఉన్నాడు. జైల్లో ఉండగానే 1666లో తన ఆత్మకథ అచ్చయింది. పేరు 'గ్రేస్ అబౌండింగ్'.

అందులో ఆయన తన పడుచు వయసులో పడిన బాధ చెప్పాడు. ఆయనకి ప్రాణం కన్నా క్రీస్తు ఎక్కువ. సరిగ్గా అందుకే కాబోలు, "క్రీస్తుని అమ్మేయ్" అన్న అర్థం వచ్చే మాట బుర్రలోకి వచ్చి కూర్చుంది. అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. దానికి జవాబుగా "అమ్మను, ఎన్ని లోకాలిచ్చినా అమ్మను" అని మనసులో పదే పదే అనుకునేవాడు. ఒక్కోసారి ఆ ఆలోచనని నెట్టేస్తున్నట్టు చేతులతో, మోచేతులతో నిజంగానే గాలిని తోసేవాడట.

ఆయన ఎంత బలంగా తోస్తే అది అంత బలంగా తిరిగొచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ రోజుల్లో దీన్ని జబ్బు అనుకోలేదు. చర్చి వాళ్లు దీనికి 'స్క్రూపుల్' అని పేరు పెట్టారు. 'స్క్రూపులస్' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. అర్థం ఏంటో తెలుసా? మొనదేలిన చిన్న రాయి. చెప్పులో పడి అడుగడుగునా గుచ్చుకునే రాయిలాంటిది ఈ బాధ. చెప్పులో రాయి అనగానే మనకి వేమన గుర్తొస్తాడు. వేల మైళ్ల దూరంలో ఇద్దరికీ ఒకే పోలిక తట్టింది. రాయి పెద్దదేం కాదు. కానీ అడుగు వేయనివ్వదు.

డాక్టర్ల చేతికి వచ్చింది

19వ శతాబ్దంలో ఈ బాధ పూజారుల దగ్గర్నుంచి డాక్టర్ల దగ్గరికి మారింది. ఫ్రాన్స్‌లో ఎస్కిరోల్ అనే పెద్ద డాక్టర్ 1838లో తన పుస్తకంలో ఒక కేసు రాశాడు. పేషెంటు పేరు బయటపెట్టకుండా మిస్ ఎఫ్ అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, వ్యాపార లెక్కలు చూసేది. ఎవరింటికైనా వెళ్తే తెలియకుండా తన జేబుల్లో వాళ్ల వస్తువేదైనా వచ్చేస్తుందేమో అని భయం. లెక్కల్లో తప్పు చేసి ఎదుటివాళ్లకి నష్టం చేస్తానేమో అని ఇంకో భయం. ఇదంతా అర్థం లేనిదని ఆవిడకి బాగా తెలుసు. తెలిసీ ఆపుకోలేకపోయేది.

1877లో బెర్లిన్‌లో వెస్ట్‌ఫాల్ అనే డాక్టర్ దీనికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చాడు. బుద్ధి చక్కగానే ఉంటుంది, కానీ ఒక ఆలోచన మనిషి ఇష్టానికి వ్యతిరేకంగా బలవంతంగా ముందుకొచ్చి నిలబడుతుంది, ఇది నాది కాదు, అర్థంలేనిది అని ఆ మనిషికే తెలుసు. ఆయన వాడిన జర్మన్ మాటకి వచ్చిన ఇంగ్లీషు అనువాదాల్లోంచే ఇప్పుడు మనం ఓసీడీ అనే పేరులోని 'అబ్సెసివ్' అనే ముక్క స్థిరపడింది.

అంటే జబ్బుకి పేరు దొరికింది. మందు? అప్పటికి ఐరోపా అంతా ఊగిపోతున్న మందు ఒకటుంది. అదే హిప్నాటిజం. దాని కథ తెలియాలంటే ఇంకో వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

తొట్టి, చెట్టు, కళ్లకి గంతలు

1778లో మెస్మర్ అనే డాక్టర్ వియన్నా నుంచి పారిస్ వచ్చాడు. మనుషుల ఒంట్లో ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందని, అది అడ్డుపడితేనే జబ్బులొస్తాయని ఆయన సిద్ధాంతం. ఒక పెద్ద చెక్క తొట్టి, అందులో నీళ్లు, ఇనప రజను, బయటికి వంగి ఉన్న ఇనప కడ్డీలు. పేషెంట్లు చుట్టూ కూర్చుని కడ్డీలు పట్టుకునేవాళ్లు. కొంతమంది ఏడ్చేవాళ్లు, కొంతమంది ఒళ్లు విరుచుకుని పడిపోయేవాళ్లు. లేచాక తగ్గిందనేవాళ్లు. పారిస్‌లో పిచ్చి క్రేజ్.

1784లో పదహారో లూయీ రాజు విచారణకి కమిటీ వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు, కెమిస్ట్రీలో మనం చదువుకున్న లవోసియే ఉన్నాడు. వాళ్లు చేసిన ఒక పరీక్ష వినండి. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకి మెస్మర్ శిష్యుడు అయస్కాంత శక్తి ఎక్కించాడు. పన్నెండేళ్ల కుర్రాడి కళ్లకి గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. కుర్రాడు స్పృహ తప్పి పడిపోయాడు. అయితే పడింది వేరే చెట్టు దగ్గర. శక్తి ఎక్కించిన చెట్టు దాకా వెళ్లనేలేదు.

కమిటీ తీర్పు: ద్రవం లేదు, గివం లేదు, అంతా ఊహ. మెస్మర్ పరువు పోయింది. కానీ ఆలోచించండి, కుర్రాడు పడిపోవడం మాత్రం నిజమే కదా. ఉత్త ఊహ ఒక మనిషిని కింద పడేయగలిగితే, ఆ ఊహ సంగతేంటి? దీనికి జవాబు చెప్పింది మన దేశంలో పుట్టినాయనే.

గోవా నుంచి పారిస్

ఆయన పేరు అబే ఫారియా. 1756లో గోవాలో కాండోలిం అనే ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రితో పోర్చుగల్ వెళ్లి, రోమ్‌లో చదివి క్యాథలిక్ ప్రీస్ట్ అయ్యాడు. ఈయన గురించి గోవాలో ఒక కథ చెప్పుకుంటారు. పోర్చుగల్ రాణి ముందు ప్రసంగం చేయాల్సి వచ్చి, అంతమంది గొప్పవాళ్లని చూసి కుర్రాడు బిగుసుకుపోయాడట. వెనకనుంచి తండ్రి కొంకణిలో మెల్లిగా, వీళ్లంతా కూరగాయలే, తరిగెయ్ అన్నాడట. భయం ఎగిరిపోయింది, ప్రసంగం సాగింది. ఒక్క మాటకి మనసు మీద ఇంత పట్టు ఎలా వచ్చిందా అని ఆయన ఆలోచనలో పడ్డాడంటారు. కథలో నిజం పాళ్లు ఎంతో గానీ, తర్వాత ఆయన చేసింది మాత్రం చరిత్ర.

1813లో పారిస్‌లో క్లాసులు మొదలుపెట్టాడు. తొట్టి లేదు, కడ్డీలు లేవు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, కాసేపాగి "నిద్రపో" అని గట్టిగా అనేవాడు. చాలామంది ఒక రకమైన నిద్రలోకి జారుకునేవాళ్లు. ఆయన చెప్పింది ఏంటంటే, నా చేతుల్లోంచి ఏ శక్తీ రావడం లేదు, ఇది జరిగేది కుర్చీలో కూర్చున్న మనిషి మనసులోనే. ఆ మనిషికి ఇష్టం, నమ్మకం, ఏకాగ్రత ఉంటేనే జరుగుతుంది. ఫ్రెండ్స్, ఇది రెండు వందల ఏళ్ల కిందటి మాట. ఇవాళ్టికీ కొంతమంది స్టేజి మీద నిలబడి "నా కళ్లల్లో పవర్ ఉంది" అంటూనే ఉన్నారు.

ఫారియా పేదగానే పోయాడు, 1819లో. పారిస్‌లో ఆయన్ని బాగా ఎగతాళి చేశారు. అలెగ్జాండర్ డ్యూమా తన 'కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో' నవల్లో ఒక ఖైదీకి ఈయన పేరు పెట్టాడు. పణజి వెళ్తే పాత సెక్రటేరియట్ పక్కన ఈయన విగ్రహం ఉంటుంది. చేతులు చాపి ఒక స్త్రీని నిద్రపుచ్చుతున్నట్టు. గోవా ట్రిప్‌లో చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి, ఎవరో తెలియకుండానే వచ్చేస్తారు.

1841 నవంబర్లో మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ ఒక స్టేజి షో చూశాడు. మోసం పట్టుకుందామని వెళ్లాడు. ఇంటికొచ్చి తన భార్య మీద, స్నేహితుడి మీద ప్రయత్నించాడు. ఒకే వస్తువు మీద కళ్లార్పకుండా చూపు నిలిపితే చాలు, ఆ స్థితి వచ్చేస్తోంది. గ్రీకు భాషలో 'హిప్నోస్' అంటే నిద్ర. దాని నుంచే 1843లో తన పుస్తకంలో ఈ విద్యకి పేరు పెట్టాడు. తర్వాత కొన్నేళ్లకి పేరు తప్పు పెట్టానే అని బాధపడ్డాడు. ఎందుకంటే ఇది నిద్ర కాదు, మనసంతా ఒకే ఒక్క ఆలోచన మీద నిలవడం అని ఆయనకి అర్థమైంది. 'మోనోఐడియిజం' అని కొత్త పేరు ప్రతిపాదించాడు. ఏకభావం అనుకోండి. కానీ పాత పేరే జనం నోట్లో నిలిచిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. హిప్నాటిజం అంటే మనసు ఒకే ఆలోచన మీద నిలవడం. మరి బన్యన్‌కి వచ్చిన బాధ? అదీ ఒకే ఆలోచన మీద మనసు చిక్కుకుపోవడమే. అందుకే చాలామంది డాక్టర్లకి ఆశ పుట్టింది. ముల్లుని ముల్లుతోనే తీయొచ్చు కదా అని.

ముల్లు రాలేదు

హిప్నాటిజం అప్పట్లో కొన్నిటికి బాగానే పనికొచ్చింది. 1845లో మన బెంగాల్‌లోని హుగ్లీలో ఎస్‌డెయిల్ అనే స్కాట్లండ్ సర్జన్ ఈ పద్ధతితోనే మత్తుమందు లేకుండా ఆపరేషన్లు చేశాడు. తర్వాత క్లోరోఫామ్ రావడంతో ఆ అవసరం తీరిపోయింది. నొప్పి విషయంలో, ఆందోళన విషయంలో ఇవాళ కూడా హిప్నాసిస్‌కి పేరుంది. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్యంలో వాడొచ్చని ఒప్పుకున్నాయి. 1984లో అదే మాంచెస్టర్ నగరంలో వోర్వెల్ అనే డాక్టరు బృందం పేగుల జబ్బు ఐబీఎస్‌కి హిప్నోథెరపీ పనిచేస్తుందని చూపించింది. కాబట్టి హిప్నాసిస్ మొత్తం బూటకం అనకూడదు.

కానీ మన చెప్పులో రాయి సంగతి వేరుగా తేలింది. పారిస్‌లో పియెర్ జానే ఆ కాలంలో హిప్నాటిజం బాగా తెలిసిన డాక్టర్లలో ఒకడు. 1903లో అబ్సెషన్ల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. హిస్టీరియా పేషెంట్లు సూచనలకి ఇట్టే లోబడతారు, ఈ సందేహాల జబ్బువాళ్లు అలా లోబడరు అని గమనించాడు. ఎలా లోబడతారు చెప్పండి? ప్రతిదాన్నీ అనుమానించడమే కదా ఆ బాధ! "నువ్వు ఇక ఆలోచించవు" అని డాక్టర్ అంటే, "నిజంగా ఆలోచించనా? ఇప్పుడు ఆలోచిస్తున్నానేమో?" అని మనసు అప్పుడే చెక్ చేసుకోవడం మొదలుపెడుతుంది. ఫ్రాయిడ్ కూడా మొదట హిప్నాటిజంతో ప్రాక్టీస్ చేసి, 1890లలో దాన్ని వదిలేశాడు.

ఇదే కాలంలో ఫ్రాన్స్‌లో ఇంకో మనిషి. ఎమిల్ కూయే. మెడికల్ షాపు నడిపే మనిషి. నాన్సీ ఊళ్లో లియెబో అనే డాక్టర్ దగ్గర హిప్నాటిజం చూసి నేర్చుకున్నాడు. తర్వాత ఇదంతా అక్కర్లేదు, మనిషి తనకి తానే సూచన ఇచ్చుకోవచ్చు అన్నాడు. ఇరవై ముడులు వేసిన తాడు ఇచ్చి, రోజూ పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు, ముడికి ఒకసారి చొప్పున, నేను రోజురోజుకీ బాగుపడుతున్నాను అన్న అర్థం వచ్చే వాక్యం చెప్పుకోమనేవాడు. మన జపమాల లాగానే. 1920లలో ఐరోపా, అమెరికా ఆయన పేరుతో మార్మోగాయి. ఇవాళ మీ రీల్స్‌లో వచ్చే అఫర్మేషన్స్‌కి తాతగారు ఈయనే.

అయితే కూయే చెప్పిన రెండో మాట జనం మర్చిపోయారు. సంకల్పానికీ ఊహకీ పోటీ వస్తే గెలిచేది ఊహే అన్నాడు. నేల మీద పరిచిన చెక్క మీద ఎవరైనా నడుస్తారు. అదే చెక్కని చర్చి గోపురమంత ఎత్తులో పెడితే? పడకూడదు, పడకూడదు అనుకునే కొద్దీ కాళ్లు వణుకుతాయి. అంటే బలవంతంగా తోస్తే ఎదురు తంతుంది. బన్యన్ మోచేతులు గుర్తొచ్చాయా?

కోతిని తలచుకోకండి

మన పెద్దవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోకూడదు అన్న మాట వినే ఉంటారు. వైద్యుడు ఆ షరతు పెట్టాక మందు చేతిలోకి తీసుకుంటే చాలు, కోతి ప్రత్యక్షం.

1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు దీన్నే ప్రయోగం చేసి చూపించాడు. ఆయన కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి తీసుకున్నాడు. ఆ పోలిక రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ ఒక వ్యాసంలో ఎప్పుడో వాడినదే. స్టూడెంట్లని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, వస్తే గంట కొట్టు అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ఇప్పుడు ఆలోచించుకోవచ్చు అంటే, ముందు అణచుకున్నవాళ్లకి మామూలు వాళ్లకన్నా ఎక్కువసార్లు వచ్చింది.

దానికి ముందే లండన్‌లో రెండు ముఖ్యమైన పనులు జరిగాయి. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు పేషెంట్ల గురించి రాశాడు. అందులో ఒకావిడది కడుగుళ్ల బాధ, ఇంకొకావిడది దేవుడి గురించి అపచారపు ఆలోచనల బాధ. బన్యన్ జబ్బే అన్నమాట, మూడు వందల ఏళ్ల తర్వాత. మేయర్ ఆలోచనని తీసేయడానికి ప్రయత్నించలేదు. భయం పుట్టించే పరిస్థితిలోకి మెల్లగా తీసుకెళ్లి, అలవాటైన కడుగుడో ప్రార్థనో చేయకుండా ఉండమన్నాడు. భయం పెరిగింది, కాసేపు ఉంది, దానంతటదే దిగిపోయింది. ఇద్దరికీ బాగా తగ్గింది. దీన్నే ఇప్పుడు ఈఆర్‌పీ అంటున్నారు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్.

1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు ఒక సింపుల్ ప్రశ్న అడిగారు. అసలు ఏ జబ్బూ లేని మామూలు మనుషులకి ఇలాంటి ఆలోచనలు వస్తాయా? 124 మందిని అడిగితే దాదాపు 80 శాతం మంది వస్తాయన్నారు. హింస, అసభ్యం, దూకేయాలనిపించడం, అన్నీ. జబ్బువాళ్ల ఆలోచనల్నీ మామూలువాళ్ల ఆలోచనల్నీ కలిపి ఇస్తే, ఏది ఎవరిదో నిపుణులు కూడా సరిగ్గా విడదీయలేకపోయారు. 2014లో 13 దేశాల్లో 777 మంది కాలేజీ స్టూడెంట్లని అడిగిన ఇంకో అధ్యయనంలో, గత మూడు నెలల్లో కనీసం ఒక్కసారైనా వచ్చిందన్నవాళ్లు 94 శాతం.

మరి తేడా ఎక్కడ? ఆలోచన వచ్చాక మనం దానికిచ్చే అర్థంలో. ఒకడు "ఛీ, ఇదేం ఆలోచన" అని టీ తాగడానికి వెళ్లిపోతాడు. ఇంకొకడు "నాకిది వచ్చిందంటే నేను అలాంటివాణ్ణే" అనుకుని బాల్కనీ గడియ చూసుకోవడం మొదలుపెడతాడు.

కోచ్ ఎక్కడి నుంచి వచ్చాడు

ఇక లైఫ్ కోచింగ్. హంగరీలో కోచ్ అనే ఊళ్లో మంచి గుర్రబ్బండ్లు చేసేవాళ్లు. ఆ ఊరి పేరే బండికి పేరైంది. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ స్టూడెంట్లు, పరీక్ష అనే ఊరికి మనల్ని మోసుకెళ్లే బండి అనే అర్థంలో ట్యూషన్ మాస్టారిని సరదాగా కోచ్ అన్నారు. తర్వాత ఆ మాట ఆటల్లోకి వెళ్లింది. 1974లో టిమ్ గాల్వే అనే టెన్నిస్ కోచ్, అసలు ఆట ప్లేయర్ తలలోనే జరుగుతుంది అంటూ 'ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' రాశాడు. ఆఫీసుల వాళ్లు ఎగబడి చదివారు. 1992లో థామస్ లెనార్డ్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ లైఫ్ కోచ్‌లకి ట్రైనింగ్ స్కూలు పెట్టాడు, 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్ మొదలుపెట్టాడు.

తెలుగులో దీనికి ముందే మనకో మాట ఉంది: వ్యక్తిత్వ వికాసం. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' మన ఇళ్లల్లో ఏదో ఒక అలమరలో ఉండే ఉంటుంది. హిప్నాటిజం, వ్యక్తిత్వ వికాసం రెండూ ఒకే మనిషిలో చూడాలంటే బి.వి. పట్టాభిరామ్ గారు. మెజీషియన్‌గా మొదలై, హిప్నాటిజం చేసి, కౌన్సెలింగ్‌కి, వికాసం పుస్తకాలకి వచ్చారు. 2025లో కన్నుమూశారు. ఒక తరం తెలుగువాళ్లు హిప్నాటిజం అంటే ఏంటో ఆయన ప్రోగ్రాముల్లోనే చూశారు.

కోచ్ చేసే పని ఏంటి? చెదిరిపోయిన రోజుకి ఒక పద్ధతి తేవడం, లక్ష్యం పెట్టించడం, వారం వారం అడగడం. నిద్ర, చదువు, ఉద్యోగం గాడిలో పడితే మనసుకి ఊపిరాడుతుంది, అది నిజం. కానీ గుర్తుంచుకోండి, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అవ్వాలి. లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి అలాంటిదేం అక్కర్లేదు.

నా కథ ముగింపు

నేను కూడా ఫోన్లో యాడ్ చూసే వెళ్లాను. ఎక్కడ అనేది అనవసరం. మూడు సెషన్ల ప్యాకేజీ. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులు. చల్లటి గది, మెత్తటి గొంతు. "ఆ ఆలోచన నల్లబల్ల మీద రాసి ఉంది, ఇప్పుడు నువ్వు దాన్ని తుడిచేస్తున్నావు" అన్నారు. అబద్ధం చెప్పను, చాలా హాయిగా అనిపించింది. ఆ రాత్రి నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాను. మూడో రోజు పొద్దున లేచి, "పోయిందా?" అని లోపలికి తొంగి చూశాను. తొంగి చూడగానే అక్కడే ఉంది. అప్పుడు వచ్చిన నిరాశ మొదటిరోజు భయం కన్నా ఘోరం. తుడిచినా పోలేదంటే నేను నిజంగానే అలాంటివాణ్ణి అని తేల్చేసుకున్నా.

వాళ్లు మోసగాళ్లని నేను అనను. నాకు రిలాక్స్ అవ్వడం నేర్పారు. తప్పు ఆ మాటలో ఉంది, తుడిచేస్తాం అన్న మాటలో. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ అనే సంస్థ 2005లోనే చెప్పింది, ఓసీడీకి హిప్నాసిస్ పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం ఇంకా లేదని, అడిగినవాళ్లకి ఆ సంగతి చెప్పాలని. ఆధారం ఉన్నది సీబీటీకి, ఈఆర్‌పీకి, అవసరమైతే మందులకి. నాకిది తెలిసుంటే ఆ మూడో రోజు నన్ను నేను అంత తిట్టుకునేవాణ్ణి కాదు.

చివరికి ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో లైన్లో నిలబడ్డాను. డాక్టరుగారు పెద్దాయన. నేను గొంతు తగ్గించి చెప్పాను. ఆయన కంగారు పడలేదు. "ఆ ఆలోచన వస్తే నీకు ఆనందంగా ఉంటుందా, భయంగా ఉంటుందా?" అని అడిగారు. "చచ్చేంత భయం సార్" అన్నా. "నీలాంటివాళ్లు నెలకి చాలామంది వస్తారు నా దగ్గరికి. బాలింతలు కూడా వస్తారు, కన్నబిడ్డ గురించే" అన్నారు. ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను.

తర్వాత వాళ్ల సైకాలజిస్టు వారం వారం మెట్లు పెట్టారు. మొదట అక్క పక్కన కూర్చుంటే పాపని ఒళ్లో పెట్టుకోవడం. తర్వాత నిలబడి ఎత్తుకోవడం. తర్వాత బాల్కనీ తలుపు తీసి ఉంచడం. ఆలోచన వస్తే రానివ్వాలి, వాదించకూడదు, "నేనేం చేయను కదా" అని అమ్మని అడగకూడదు, గడియ రెండోసారి చూడకూడదు. మొదటి మెట్టుకి ముందు అక్కకి అంతా చెప్పాల్సి వచ్చింది. నేను చెప్పడం అయ్యాక అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాపని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నాక్కూడా వచ్చిందిరా, స్నానం చేయించేటప్పుడు, నీళ్లల్లో ముంచేస్తే అని. ఎవరికి చెప్పను?" అంది. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం.

ఇప్పుడు ఆ పిల్ల నాలుగో క్లాసు. ఆలోచన పూర్తిగా పోయిందా అంటే, ఎప్పుడైనా ఎత్తు మీద నిలబడితే వస్తుంది. వచ్చి పోతుంది.

కాబట్టి హిప్నోథెరపీకో కోచ్ దగ్గరికో వెళ్లాలనుకుంటే వెళ్లండి. ఒత్తిడి తగ్గడానికో, రోజు గాడిన పెట్టుకోవడానికో పనికి రావొచ్చు. కానీ ఆలోచనని డిలీట్ చేస్తామన్నవాళ్లకి డబ్బు కట్టేముందు, చదువేంటి, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. గంటలకొద్దీ ఆలోచనల్లో పోతున్నా, వాటి వల్ల మనుషుల్ని తప్పించుకుంటున్నా, సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. మెట్లు సొంతంగా మొదలుపెట్టొద్దు, వాళ్లతో కలిసి చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఒకవేళ మీకు వచ్చేది భయపెట్టే ఆలోచన కాకుండా, నిజంగానే చచ్చిపోవాలనో ఎవరికైనా హాని చేయాలనో కోరికగా మారుతుంటే, ఈ వీడియో ఇక్కడే ఆపేసి ఇప్పుడే ఆ నంబరుకి చేయండి, పక్కనున్న మనిషికి చెప్పండి.

మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి పసిపిల్లని ఎత్తుకోవడం మానేస్తే, కత్తులు దాచేస్తుంటే, గుడికి రానంటే, విసుక్కునే ముందు ఒక్కసారి నెమ్మదిగా అడిగి చూడండి. మా అక్క లాగా వాళ్ల దగ్గరా ఏదో ఒక మాట ఉండొచ్చు.